పలచన చేయని సీరంలో నెగెటివ్, 256 రెట్లు పలచన చేస్తే పాజిటివ్: ఒక గర్భిణి సిఫిలిస్ కేసు

ఈ కేసు మా ల్యాబ్‌లో జరిగిన పొరపాటుతో మొదలైంది. ఇరవై మూడేళ్ల గర్భిణి రక్తానికి, సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే వీడీఆర్‌ఎల్ పరీక్ష చేసి 'నాన్ రియాక్టివ్', అంటే నెగెటివ్, అని రిపోర్టు ఇచ్చాం. కింద సంతకం నాది. రెండు గంటల తర్వాత అదే ట్యూబులోని సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, 256 రెట్లు పలచన చేసినా రియాక్టివ్‌గానే ఉంది. ఆ రెండు గంటల్లో ఏం జరిగింది, ఆ తర్వాత అదే రక్తాన్ని ఎన్ని పరీక్షలతో చూశాం, ఏ పరీక్ష ఏం చెప్పింది, ఏది చెప్పలేకపోయింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఆ దంపతులను అడిగే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వృత్తి, ఊళ్ల వివరాలు కొన్ని మార్చాను. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజిస్టును.

ముందు వచ్చింది భర్త. టైల్స్ వేసే మేస్త్రి. ఏడాదిలో ఎక్కువ కాలం బెంగళూరులో సైట్ల మీద ఉంటాడు, పండగలకి ఇంటికొస్తాడు. మూడు వారాలుగా ఒంటి మీద దద్దు. దురద లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎలర్జీ అని మాత్రలిచ్చాడు, తగ్గలేదు. మా స్కిన్ ఓపీలో డాక్టరు గారు అతని చొక్కా కంటే ముందు అరచేతులు చూశారు. అరచేతుల్లో, అరికాళ్లలో రాగి రంగు మచ్చలున్నాయి. దురద లేని దద్దు అక్కడ కూడా వచ్చిందంటే సిఫిలిస్ కాదని తేలేదాకా సిఫిలిస్ కిందే లెక్క. "రెండు మూడు నెలల కింద అంగం మీద పుండేమైనా వచ్చిందా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వచ్చింది సార్. నొప్పి లేదు, దానంతటదే మానిపోయింది" అన్నాడు.

మన పెద్దవాళ్లు సెగ, సవాయి అని రెండు మాటలు వాడేవాళ్లు. సెగ అంటే గనేరియా. మూత్రంలో మంట, చీము. ఆ మంటే మనిషిని డాక్టరు దగ్గరికి తరుముతుంది. సవాయి అంటే సిఫిలిస్. నొప్పి లేని పుండుగా వచ్చి మందు లేకుండానే మానుతుంది, కొన్ని వారాలకు దద్దుగా వచ్చి అదీ పోతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒంట్లో మాటు వేస్తుంది. రోగికే తెలియని జబ్బు ఇది. అందుకే దీన్ని పట్టుకునే భారమంతా ల్యాబ్ మీద పడుతుంది.

అతని వీడీఆర్‌ఎల్ 1:64, అంటే సీరాన్ని 64 రెట్లు పలచన చేసినా రియాక్టివ్. సిఫిలిస్ క్రిమి యాంటీబాడీని చూసే టీపీహెచ్‌ఏ పరీక్ష పాజిటివ్, హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్. భార్యను తీసుకురమ్మన్నాం. మర్నాడే తీసుకొచ్చాడు. అప్పుడు ఆమెకు 22 వారాలు. ఇది రెండో కాన్పు, మొదటి బిడ్డకు మూడేళ్లు. ప్లాస్టిక్ కవరులో రిపోర్టులన్నీ భద్రంగా పెట్టుకుంది. అందులో మూడు వారాల కిందటి బయటి ల్యాబ్ కాగితం ఒకటి, వీడీఆర్‌ఎల్ నాన్ రియాక్టివ్ అని. ఆ కాగితం చూసే పీహెచ్‌సీలో మళ్లీ పరీక్ష చేయలేదు. ఒంట్లో బాగాలేనిది ఏమైనా ఉందా అంటే, గొంతు గరగర, జుట్టు ఊడటం అంది. "కడుపుతో ఉంటే ఊడుతుందిలే అనుకున్నా మేడమ్." గైనిక్ పరీక్షలో మాత్రం మర్మాంగం దగ్గర తడిగా, చదునుగా, బూడిద రంగు కండలు కనిపించాయి. వాటిని కండైలోమా లాటా అంటాం. రెండో దశ సిఫిలిస్‌లో వస్తాయి. ముట్టుకుంటేనే అంటుకునేంతగా క్రిములు వాటి నిండా ఉంటాయి.

ఆమె రక్తం మా బెంచ్ మీదికి వచ్చేసరికి ఈ సంగతులేవీ మాకు తెలియవు. రిక్వెస్ట్ ఫారం మీద 'ఏఎన్‌సీ (గర్భిణి పరీక్షలు), వీడీఆర్‌ఎల్' అని మాత్రమే ఉంది. ఆ ఉదయం అలాంటివి యాభైకి పైగా ఉన్నాయి.

వీడీఆర్‌ఎల్ పేరు అమెరికాలోని సుఖవ్యాధుల పరిశోధన ల్యాబ్ పేరులోని మొదటి అక్షరాలు. 1946లో అక్కడ రూపొందింది. ఈ పరీక్ష క్రిమిని వెతకదు, క్రిమి మీదే ప్రత్యేకంగా పుట్టిన యాంటీబాడీనీ వెతకదు. ఎద్దు గుండె నుంచి తీసిన కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి లెసిథిన్, కొలెస్టరాల్ కలిపితే మన యాంటిజెన్, అంటే యాంటీబాడీ వచ్చి పట్టుకునే పదార్థం, తయారవుతుంది. సిఫిలిస్‌లో కణజాలం దెబ్బతిన్నప్పుడు, క్రిమి ఒంటి మీది కొవ్వుల వల్ల కూడా, ఇలాంటి కొవ్వుల మీద యాంటీబాడీలు పుడతాయి. వాటినే కొలుస్తున్నాం. ఈ సంగతి తెలిస్తే పరీక్ష బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి.

చేసే పద్ధతి తేలికే కానీ మనిషి చెయ్యి, కన్ను ముఖ్యం. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేయాలి. స్లైడు మీద గుంటలో 50 మైక్రోలీటర్లు వేసి, అప్పటికప్పుడు కలుపుకున్న యాంటిజెన్ ఒక చుక్క చేర్చి, నిమిషానికి 180 చుట్లతో నాలుగు నిమిషాలు తిప్పాలి. తర్వాత మైక్రోస్కోపు కింద గుంపులు కట్టాయా లేదా చూడాలి. గది ఉష్ణోగ్రత 23 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ఏసీ పాడైన రోజు మా దగ్గర ఈ పరీక్ష నిలిపేస్తాం. ఇది అతిజాగ్రత్త అని అనేవాళ్లున్నారు, నేను మాత్రం ఒప్పుకోను.

ఆమె స్లైడు చూస్తూ మా టెక్నీషియన్ "మేడమ్, ఫీల్డ్ కొంచెం గరుకుగా ఉంది కానీ గుంపులు లేవు" అంది. నేనూ చూశాను. కణాలు నున్నగా సమంగా పరుచుకుని లేవు, అలాగని గుంపులూ లేవు. నాన్ రియాక్టివ్ రాయమన్నాను. ఆ గరుకుతనాన్ని వదిలేయడమే నా తప్పు.

మధ్యాహ్నం స్కిన్ నుంచి ఫోన్. "మేడమ్, ఆవిడకి కండైలోమా లాటా ఉంది. భర్తకి 1:64. నెగెటివ్ ఎలా వస్తుంది? ఒకసారి డైల్యూట్ చేసి చూస్తారా?"

నార్మల్ సెలైన్‌తో వరసగా రెట్టింపు చేస్తూ పలచన చేశాం. నీట్‌లో, అంటే పలచన చేయని సీరంలో, మళ్లీ అదే గరుకు. 1:2లో చిన్న చిన్న గుంపులు. 1:4లో అనుమానం లేనంత పెద్ద గుంపులు. 1:8, 1:16, 1:32, 1:64, 1:128 అన్నీ రియాక్టివ్. 1:256 దగ్గర కూడా రియాక్టివ్. 1:512లో ఆగింది. ఏ పలచన దాకా రియాక్టివ్‌గా ఉందో ఆ అంకెను టైటర్ అంటాం. భర్త కంటే నాలుగు రెట్లు ఎక్కువ టైటర్ ఉన్న మనిషికి 'లేదు' అని రాసిచ్చాం. మూడు వారాల ముందు బయటి ల్యాబ్ కూడా అలాగే రాసింది.

దీన్ని ప్రోజోన్ అంటారు. యాంటీబాడీకి రెండు చేతులున్నాయనుకోండి. ఒక చేత్తో ఒక కణాన్ని, రెండో చేత్తో పక్క కణాన్ని పట్టుకుంటేనే గుంపు కడుతుంది. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే ప్రతి కణం చుట్టూ అవే కిక్కిరిసిపోతాయి, పక్క కణానికి చెయ్యి అందించే చోటే మిగలదు. దేనికది విడిగా ఉండిపోతుంది. కంటికి మాత్రం ఏమీ లేనట్టు కనిపిస్తుంది. పలచన చేస్తే యాంటీబాడీలు తగ్గి, చేతులు కలుస్తాయి. రెండో దశలో వంద మందిలో ఒకరిద్దరికి ఇలా జరగవచ్చు. గర్భంతో ఉన్నవాళ్లలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వీడీఆర్‌ఎల్ తొలి దశలో నూటికి 78 మందిని పడుతుంది, రెండో దశలో నూటికి నూరు మందిని పడుతుంది అని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ నూటికి నూరు అన్న దశలోనే ఈ గొయ్యి ఉంది. లెక్క తప్పేమీ కాదు. సరైన పలచనలో చూస్తే పడుతుంది, అంతే.

తప్పు దిద్దుకున్నాక ఆ రక్తాన్ని అక్కడితో వదలాలనిపించలేదు. మా దగ్గరున్న పద్ధతులన్నీ అదే సీరం మీద చేసి పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే ట్యూబు. పోలికకు ఇంతకంటే మంచి అవకాశం రాదు.

ఆర్‌పీఆర్ కూడా కార్డియోలిపిన్ పరీక్షే. వేడి చేయడం, మైక్రోస్కోపు అక్కర్లేదు. యాంటిజెన్‌లో బొగ్గు రేణువులుంటాయి కాబట్టి తెల్ల కార్డు మీద నల్లటి గుంపులు మామూలు కంటికే కనిపిస్తాయి. ఆమె సీరం నీట్‌లో అంచున సన్నటి నలుసులు మాత్రమే వచ్చాయి. అలవాటు లేని కన్ను నెగెటివ్ అనేస్తుంది. పలచన చేస్తే 1:512 దాకా వెళ్లింది. మూలసూత్రం ఒకటే కాబట్టి గొయ్యి కూడా ఒకటే. ఇంకో సంగతి, వీడీఆర్‌ఎల్‌లో 1:256, ఆర్‌పీఆర్‌లో 1:512 వచ్చాయంటే జబ్బు పెరిగిందని కాదు. రెండు పరీక్షల టైటర్లను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. మొదట ఏది చేశామో చివరిదాకా అదే చేయాలి, కుదిరితే అదే ల్యాబ్‌లో.

టీపీహెచ్‌ఏ దారి వేరు. ఎర్ర రక్తకణాల మీద ట్రెపొనీమా పాలిడం అనే ఈ క్రిమి యాంటిజెన్లే అంటించి ఉంటాయి. యాంటీబాడీ ఉంటే ప్లేటు గుంట అడుగున కణాలు చాపలా పరుచుకుంటాయి, లేకపోతే చిన్న బొత్తాంలా మధ్యలో చేరతాయి. ఆమెకు మొదటి గుంటలోనే నిండైన చాప. ఈ పరీక్ష మొదలయ్యేదే 1:80 పలచనలో కాబట్టి యాంటీబాడీ ఎక్కువై మోసం చేసే అవకాశం ఇందులో బాగా తక్కువ. అయితే దీనికి ఇంకో లోటుంది. ఒకసారి పాజిటివ్ అయితే చాలామందిలో జీవితాంతం పాజిటివే. పదేళ్ల కింద మందు తీసుకుని నయమైన మనిషికీ, నిన్న పుండు వచ్చిన మనిషికీ తేడా చెప్పదు. మందు పనిచేసిందో లేదో అసలే చెప్పదు.

గర్భిణుల కోసం వచ్చే ర్యాపిడ్ కార్డు హెచ్‌ఐవీకీ సిఫిలిస్‌కీ కలిపి ఉంటుంది. వేలు మీద సూదితో గుచ్చి ఒక చుక్క తీస్తే చాలు, ఇరవై నిమిషాల్లోపు గీత తెలుస్తుంది. ఆమెకు సిఫిలిస్ గీత ముదురుగా వచ్చింది, హెచ్‌ఐవీ గీత రాలేదు. ఇదీ క్రిమి యాంటీబాడీని చూసేదే కాబట్టి టీపీహెచ్‌ఏకు ఉన్న లోటు దీనికీ ఉంది. టైటర్ ఉండదు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బయటి ల్యాబ్ కాగితం ఉన్నా సరే పీహెచ్‌సీలో ఈ కార్డు మీద ఒక చుక్క వేసి ఉంటే మూడు వారాల ముందే బయటపడేది. చవకైన కార్డు, దాన్ని ఏఎన్‌ఎం కూడా చేయగలదు. బ్లడ్ బ్యాంకు వాళ్ల ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షలోనూ వేసి చూశాం, గట్టి పాజిటివ్. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ మా దగ్గర లేదు. పుండు స్రావంలో అది బాగా పనిచేస్తుంది, రక్తంలో అంత నమ్మకం లేదు.

ఇక అన్నిటికంటే పాత పద్ధతి. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ ఈ క్రిమిని కనుక్కున్నారు. మామూలు రంగులు సరిగా పట్టనంత సన్నటిది, మామూలు మైక్రోస్కోపు వెలుగులో కనిపించదు. పక్కల నుంచి మాత్రమే వెలుగు పడేలా చేస్తే నల్లటి ఆకాశంలో నక్షత్రంలా మెరుస్తుంది. దాన్నే డార్క్ గ్రౌండ్ మైక్రోస్కోపీ అంటాం. మా డార్క్ గ్రౌండ్ కండెన్సర్ బీరువాలో పెట్టెలో ఉంది, పీజీ విద్యార్థులకు పరీక్షల ముందు చూపించడానికి తప్ప బయటికి తీసేవాళ్లం కాదు. ఆ రోజు తీశాం. సిస్టర్ ఆమెను పక్క గదిలో పడుకోబెట్టి, సెలైన్ గాజుగుడ్డతో కండైలోమా తుడిచి, రక్తం రాకుండా మెల్లగా నొక్కి, ఊరిన స్రావం స్లైడు మీదికి తీశారు. ఆలస్యమైతే క్రిములు చచ్చి కదలిక ఆగిపోతుంది, అందుకే మైక్రోస్కోపునే ఆ గది గుమ్మం దాకా తీసుకెళ్లాం.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కనిపించాయి. ఒకటి కాదు, ఫీల్డుకు నాలుగైదు. సన్నటి వెండి స్ప్రింగులు తమ చుట్టూ తాము తిరుగుతూ మెల్లగా ముందుకీ వెనక్కీ పోతున్నాయి. ఉన్నట్టుండి మధ్యలో వంగి మళ్లీ నిటారుగా అవుతున్నాయి. ఆ వంపే ఈ క్రిమి గుర్తు. ఇరవై రెండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను, రోగి దగ్గరి నుంచి అప్పుడే తీసిన స్లైడులో ఇంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి. పీజీలందరినీ పిలిచి చూపించాను. ఈ క్రిమి మామూలు కల్చర్ ప్లేట్ల మీద పెరగదు. కుందేలు కణాల్లో ఎక్కువకాలం బతికించే పద్ధతి అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు 2018లో గానీ సాధించలేకపోయారు. అలాంటి దాన్ని ప్రాణంతో చూపించే పరీక్ష ఇదొక్కటే. యాంటీబాడీలు ఇంకా పుట్టని తొలి పుండులో కూడా ఇది పట్టగలదు, అప్పుడు రక్తపరీక్షలన్నీ నెగెటివ్ రావచ్చు. అయితే నోటి పుండ్లకు పనికిరాదు, అక్కడ ఇలాగే కనిపించే వేరే క్రిములు మామూలుగానే ఉంటాయి. చూసే కన్ను, తాజా స్రావం రెండూ లేకపోతే ఎక్కడా పనికిరాదు.

ఇక్కడ ఒక పక్కమాట. మా ఓపీకి ఇంకో ఆవిడ వచ్చేది, రెండుసార్లు గర్భస్రావం అయింది. ఎక్కడో వీడీఆర్‌ఎల్ 1:4 వచ్చిందని ఇంట్లో పెద్ద గొడవ, పుట్టింటికి పంపేశారు. టీపీహెచ్‌ఏ చేస్తే నెగెటివ్. తర్వాత తేలింది, ఆమెకు లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు, గర్భస్రావాలూ అందుకే. ఆ జబ్బులో కూడా కార్డియోలిపిన్ మీద యాంటీబాడీలు పుడతాయి. కుష్ఠులో, మలేరియాలో, కొన్ని వైరల్ జ్వరాల్లో కూడా వీడీఆర్‌ఎల్ తక్కువ టైటర్‌లో రియాక్టివ్ కావచ్చు. టీపీహెచ్‌ఏ చేయకుండా ఆ కాగితాన్ని ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో ఆమెను చూశాక నాకు అర్థమైంది. ఒక కాగితం లేని జబ్బును అంటగట్టింది, ఇంకొకటి ఉన్న జబ్బును దాచింది. రెండూ వీడీఆర్‌ఎల్ ఒక్కటే చేసినందువల్ల.

మళ్లీ మన కేసుకు వస్తే, కౌన్సెలర్ ఇద్దరితో విడివిడిగా మాట్లాడింది. తర్వాత ఆ గర్భిణి నా గదికి వచ్చి ఆ ప్లాస్టిక్ కవరు టేబుల్ మీద పెట్టి "నాకేం లేదని రాసిచ్చారు కదా మేడమ్, రెండు చోట్ల" అంది. అందులో కోపం కంటే అయోమయం ఎక్కువ. మా రిపోర్టు తప్పని, ఎందుకు తప్పయిందో, తనకు అర్థమయ్యేలా చెప్పాను. సవరించిన రిపోర్టు ఇచ్చి పాతది వెనక్కి తీసుకున్నాను. "బిడ్డకేం కాదు కదా?" అని ఒక్కటే అడిగింది. మందు పడకపోతే ఈ దశలో తల్లి నుంచి బిడ్డకు పాకే అవకాశం చాలా ఎక్కువ. గర్భం పోవడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, జబ్బుతో పుట్టడం, వీటిలో ఏదో ఒకటి సగానికి పైగా కేసుల్లో జరుగుతుంది. అదంతా ఆ క్షణంలో ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు మందు వేస్తే బిడ్డకు కూడా అందుతుంది, కాన్పుకు ఇంకా టైముంది అన్నాను. అది నిజం. కాన్పుకు కనీసం నెల ముందు పెన్సిలిన్ పడాలి, మాకు నాలుగు నెలలు దొరికాయి.

బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ సగం సగం. గర్భంలో దీనంత నమ్మదగ్గ మందు ఇంకోటి లేదు. మొదటి డోసు తర్వాత క్రిములు ఒక్కసారిగా చచ్చి జ్వరం రావచ్చు, గర్భిణుల్లో నొప్పులు కూడా మొదలవ్వచ్చు, అందుకని ఒక రోజు వార్డులో ఉంచారు. రాత్రి చలిజ్వరం వచ్చి తెల్లారేసరికి తగ్గింది. వారం తర్వాత రెండో డోసు కూడా ఇచ్చారు. భర్తకు అదే రోజు అదే మందు. మందు ఇచ్చే రోజునే టైటర్ కోసం రక్తం తీశాం, ఎందుకంటే తర్వాత పోల్చుకోవాల్సింది ఆ రోజు అంకెతోనే.

టైటర్ రెండు మెట్లు, అంటే నాలుగు రెట్లు తగ్గితే మందు పనిచేసినట్టు. ఒక మెట్టు తేడా పరీక్షలో మామూలుగా వచ్చే అటూఇటూ కిందికే పోతుంది. పన్నెండు వారాలకు ఆమెది 1:256 నుంచి 1:32కి దిగింది. భర్తది 1:64 నుంచి 1:8కి. అప్పుడూ ఇద్దరి టీపీహెచ్‌ఏ మొదటి రోజు లాగే నిండు చాప. ఈ రెండు వరసలనూ పీజీలకు ఒకే కాగితం మీద రాసి చూపిస్తాను. ఒక పరీక్ష జబ్బు ఉందని నిర్ధారిస్తుంది, ఇంకొకటి అది ఎటు పోతోందో చెబుతుంది. ఒకదాని పని ఇంకొకదానితో చేయించలేం.

మా ల్యాబ్‌లో మారినవి: ప్రతి ఏఎన్‌సీ శాంపిల్‌కూ నీట్‌తో పాటు 1:16 పలచన కూడా వేస్తున్నాం. అదనంగా పట్టేది కాస్త సెలైన్, ఇంకో చుక్క యాంటిజెన్. 'గరుకు' అన్న మాట రిజిస్టర్‌లో రాసి తీరాలి, అలాంటి ప్రతిదాన్నీ పూర్తిగా పలచన చేయాలి. గర్భిణులకు వీడీఆర్‌ఎల్ ఎలా వచ్చినా ర్యాపిడ్ కార్డు కూడా. ఫారం మీద భాగస్వామికి జబ్బుందా, దద్దు గానీ పుండు గానీ ఉందా అనే గడి పెట్టించాం. ఆ గడి నింపని ఫారాలు ఇంకా వస్తూనే ఉన్నాయి, ఫోన్ చేసి అడుగుతున్నాం.

38 వారాలకు కాన్పయింది, మామూలు కాన్పే. ఆడపిల్ల, 2.8 కిలోలు, ఒంటి మీద మచ్చల్లేవు, కాలేయం పెరగలేదు. బొడ్డు రక్తంలో తల్లి రక్తం కలిసే అవకాశం ఉంది కాబట్టి పాప నరం నుంచే తీయించాం. తల్లి టైటర్ 1:16, పాపది 1:4. తల్లి యాంటీబాడీలు మాయ దాటి పాపలోకి వస్తాయి కాబట్టి పాప రియాక్టివ్ కావడం మామూలే. తల్లి కంటే నాలుగు రెట్లు ఎక్కువ ఉంటే భయపడాలి, ఇక్కడ తక్కువే ఉంది. అయినా పిల్లల డాక్టరు గారు పాపకు ఒక డోసు బెంజథిన్ పెన్సిలిన్ వేశారు.

మూడో నెలలో పాప వీడీఆర్‌ఎల్ 1:1. ఆరో నెలలో నాన్ రియాక్టివ్. ఈసారి నీట్‌లోనూ, 1:16 దాకా ప్రతి పలచనలోనూ నేనే చూశాను, ఎక్కడా గరుకు లేదు. టీపీహెచ్‌ఏ ఇంకా పాజిటివ్‌గానే ఉంది. అది తల్లి ఇచ్చిన యాంటీబాడీయే అయితే పద్దెనిమిదో నెలకు పోవాలి. ఆ తేదీ రిజిస్టర్‌లో రాసిపెట్టాం, ఆమె కవరు మీద కూడా రాయించుకుంది.